అడవిలోని షింటో ఆలయానికి వెళ్ళిరావడం ఎలా: నగానో కొండల్లోని తొగకుషి

జపాన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారు, వారిని చూసిపోవడానికి వచ్చే తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలు ఏటా అవే. చెప్పులు ఎక్కడ విడవాలి, కొబ్బరికాయ కొట్టనిస్తారా, లోపల ఏమని దణ్ణం పెట్టుకోవాలి, ఇంట్లో మైల ఉంటే వెళ్ళవచ్చా, వేరే మతం వాళ్ళమని అభ్యంతరపెడతారా అన్నవి మొదట వస్తాయి. జపాన్ సొంత మతమైన షింటోకు చెందిన ఆలయాలు పెద్ద నగరాల్లో ఉంటే, అక్కడ ముందున్నవారిని చూసి అలాగే చేసి బయటపడవచ్చు. కొండల్లో, దేవదారుల్లాంటి ఎత్తైన సుగి చెట్ల మధ్య ఉండే పల్లె ఆలయంలో చూసి నేర్చుకోవడానికి ఒక్కోసారి ముందు ఎవరూ ఉండరు. అందువల్ల ఒక ఆలయాన్ని ఉదాహరణగా తీసుకుని, ఇంటి నుంచి బయలుదేరడం మొదలు తిరిగి బస్సు ఎక్కేవరకు ఏమేమి చేయాలో వరుసగా రాస్తున్నాను. ఆ ఆలయం నగానో నగరానికి వాయవ్యంగా, సుమారు 1200 మీటర్ల ఎత్తున ఉన్న తొగకుషి.

దర్శనానికి అవసరమైనంత మేరకు స్థలపురాణం చెబుతాను. సూర్యదేవత అమతెరాసు అలిగి గుహలో దాక్కోగా లోకం చీకటి అయిందని, గుహకు అడ్డుగా ఉన్న బండను ఒక బలశాలి దేవుడు పెకలించి విసిరేస్తే అది ఇక్కడ పడి ఈ కొండ అయిందని కథ. తొగకుషి అన్న పేరుకు తలుపును దాచిన చోటు అని అర్థం. ఇక్కడ ఉన్నది ఒక్క గుడి కాదు. కింద నుంచి పైకి హోకోషా, హినొమికోషా, చూషా, కుజుర్యూషా, ఒకుషా అని ఐదు ఉన్నాయి. బండను విసిరిన దేవుడు ఒకుషాలోను, ఆ దేవిని బయటకు రప్పించడానికి గుహ ముందు నాట్యమాడిన దేవత హినొమికోషాలోను కొలువై ఉన్నారు. ఒకుషా పక్కనే ఉన్న కుజుర్యూషా తొమ్మిది తలల నాగదేవతది. ఆయన వానలిస్తాడని, పంటినొప్పి తగ్గిస్తాడని స్థానికుల నమ్మకం. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకు ఈ దేవుడితో పరిచయం చెప్పనక్కరలేదు.

కావలసినవి

తడిసినా జారని అడుగు గల బూట్లు, ఒక పొర అదనపు వెచ్చని బట్ట, వానకోటు, చేతులు తుడుచుకోవడానికి చిన్న తువ్వాలు. ఆలయంలో తువ్వాళ్ళు పెట్టరు కాబట్టి అది లేకపోతే తడి చేతులను ప్యాంటుకు తుడుచుకోవలసి వస్తుంది. చిల్లర నాణేలు, ముఖ్యంగా నడుమ చిల్లు ఉన్న 5 యెన్‌ల నాణేలు నాలుగైదు. 1000 యెన్‌ల నోట్లు కొన్ని, ఎందుకంటే పల్లె బస్సులో చిల్లర ఇచ్చే యంత్రం సాధారణంగా పెద్ద నోటు తీసుకోదు. ఎలుగుబంటికి మన రాక తెలిపే చిన్న గంట, చెత్త వేసుకోవడానికి ఒక సంచి, తాగేనీళ్ళు. శాకాహారులైతే ఇంటి నుంచి కట్టుకున్న పులిహోరో, చపాతీలో కూడా.

తీసుకెళ్ళకూడనివి కూడా చెప్పాలి. కొబ్బరికాయ, కర్పూరం, అగరువత్తులు, పసుపు కుంకుమలు ఇంట్లోనే ఉంచండి. ఈ దర్శనంలో వాటితో పని లేదు, పైగా చుట్టూ ఉన్నది ఎండిన ఆకులు పరుచుకున్న అడవి కాబట్టి నిప్పు వెలిగించడం నేరంతో సమానం.

1. రోజును ఎంచుకోండి

మే నెలాఖరు నుంచి నవంబరు మొదటి వారం వరకు అనుకూలమైన కాలం. అక్టోబరు రెండో సగంలో ఆకులు రంగు మారతాయి, అదే సమయంలో జనం కూడా విరగబడతారు. జనవరి మొదటి వారం తర్వాత ఏప్రిల్ మూడో వారం దాకా ఒకుషా, కుజుర్యూషాల్లో పూజారులు ఉండరు, దారి మంచులో మునిగి ఉంటుంది. అప్పుడు వెళ్ళదలచుకున్నవారు చూషాతో సరిపెట్టుకోవాలి. మేలో కూడా ఒకుషా దగ్గరి నీడ పట్టున పాత మంచు గడ్డకట్టి మిగిలి ఉండవచ్చు. నగానో నగరం కంటే ఇక్కడ సుమారు ఐదు డిగ్రీల చలి ఎక్కువని లెక్క వేసుకుని బట్టలు సర్దుకోండి.

మైల సంగతి. దగ్గరి బంధువు పోయిన తర్వాత 50 రోజుల వరకు ఆలయ ద్వారం దాటకపోవడం షింటో ఆచారం. మన దగ్గర ఏడాది లోపు గుడికి వెళ్ళని కుటుంబాలు ఉన్నాయి కాబట్టి ఈ నియమం మనకు వింతగా ఉండదు. ద్వారం దగ్గర ఎవరూ అడగరు, తనిఖీ ఉండదు. పాటించడం మీ ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది. అటువంటి సమయంలో నగానోలోనే ఉన్న జెన్‌కోజికి వెళ్ళవచ్చు, అది బౌద్ధాలయం కనుక అక్కడ ఆ నియమం లేదు. ఇక మతం గురించి: షింటో ఆలయంలో దర్శనానికి మతం అడ్డు కాదు, మీరు ఎవరని అడిగేవారు కూడా ఉండరు.

2. నగానో నుంచి బస్సు

టోక్యో నుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైలులో నగానోకు దాదాపు గంటన్నర. స్టేషన్‌లో జెన్‌కోజి వైపు ద్వారం నుంచి బయటకు వస్తే తొగకుషి వెళ్ళే అల్పికో బస్సు దొరుకుతుంది. కొండదారిలో గంటకు పైగా పడుతుంది, మలుపులు గట్టిగా ఉంటాయి కనుక కడుపులో తిప్పే అలవాటు ఉన్నవారు ముందువైపు కూర్చోవాలి. బస్సు ఎక్కేటప్పుడు తలుపు దగ్గర ఉన్న యంత్రం నుంచి అంకె వేసిన చిన్న చీటీ తీసుకోండి. దిగేటప్పుడు డ్రైవరు పైన ఉన్న పలకలో ఆ అంకె కింద చూపే మొత్తాన్ని చీటీతో పాటు డబ్బాలో వేయాలి. చీటీ తీసుకోకపోతే మొదటి స్టాపు నుంచి ఛార్జీ కట్టవలసి రావచ్చు.

దిగిన వెంటనే, ఇంకా ఏ చెట్టునూ చూడకముందే, స్టాపులో అతికించిన తిరుగు బస్సుల వేళల పట్టికను ఫోటో తీసుకోండి. సెలవు రోజులకు, పని దినాలకు వేర్వేరు వరుసలు ఉంటాయి, కాలాన్ని బట్టి కూడా మారతాయి. చివరి బస్సు మనం అనుకునేదాని కంటే చాలా ముందే, సాయంత్రమే వెళ్ళిపోతుంది. ఒక నవంబరులో నేను పట్టిక చూసీ, సెలవు రోజు వరుసకు బదులు పక్క వరుస చూసుకున్నాను. ఐదింటికే చీకటి పడింది, ఎక్కడా మనిషి అలికిడి లేదు, టాక్సీ వచ్చేదాకా మూసిన ఒక దుకాణం చూరు కింద నలభై నిమిషాలు నిలబడ్డాను. ఆ టాక్సీకి ఇచ్చిన డబ్బుతో ఆ నెలంతా కూరగాయలు వచ్చేవి.

3. ఎంతవరకు వెళ్ళాలో ముందే తేల్చుకోండి

ఐదు ఆలయాలూ చూడాలంటే రోజంతా పడుతుంది. అప్పుడు హోకోషా స్టాపులో దిగి, 270కి పైగా ఉన్న రాతిమెట్లు ఎక్కి, అక్కడి నుంచి అడవిలోని పాత బాట వెంట హినొమికోషా మీదుగా చూషా చేరి, ఆ తర్వాత ఒకుషా వైపు నడవాలి లేదా బస్సు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే హోకోషాను వదిలేసి నేరుగా చూషాకు వెళ్ళడం మంచిది. చూషా రోడ్డు పక్కనే ఉంటుంది, అక్కడి మూడు సుగి చెట్ల వయసు 800 ఏళ్ళకు పైనేనని చెబుతారు. సగం రోజు మాత్రమే ఉన్నవారు ఒకుషా ఒక్కటి పెట్టుకోండి. ఒక్కటే చూడాలంటే నేనైతే ఒకుషానే ఎంచుకుంటాను, కింది దశల్లో ఎక్కువగా దాని గురించే రాస్తాను.

ఒకుషా ముఖద్వారం నుంచి గుడి వరకు సుమారు 2 కిలోమీటర్లు, వెళ్ళడానికి నలభై నిమిషాలు. మొదటి సగం చదునైన మట్టిబాట, చివరన ఎత్తుపల్లాల రాతిమెట్లు. నడుమ దుకాణాలు లేవు కనుక మూత్రశాల పని ద్వారం దగ్గరే ముగించుకుని బయలుదేరండి.

4. తోరీ దగ్గర

రెండు స్తంభాల మీద అడ్డదూలాలున్న ఆ ద్వారాన్ని తోరీ అంటారు. దాని ముందు ఒక్క క్షణం ఆగి, టోపీ తీసి, నడుము నుంచి కొద్దిగా వంగి లోపలికి అడుగు పెట్టండి. ఒకుషా తోరీ పక్కన గుర్రం దిగవలసిన చోటని చెప్పే పాత రాయి ఉంది, ఎంతటివాడైనా ఇక్కడి నుంచి నడవవలసిందే.

చాలామంది పొరపడేది ఇక్కడే. గుడి అంటే ఆ చివర కనిపించే కట్టడం అని, దారి అంటే కేవలం దారి అని మనం అనుకుంటాం. ఇక్కడ తోరీ దాటిన క్షణం నుంచి మీరు ఆవరణలో ఉన్నట్టే, ఈ రెండు కిలోమీటర్ల అడవీ అందులో భాగమే. అందుకే పాటలు పెట్టడం, పొగ తాగడం, కొమ్మ విరవడం, ఆకులు ఏరి సంచిలో వేసుకోవడం తోరీ నుంచే మానాలి. బాట నడిమి భాగాన్ని దైవానికి వదిలి ఒక పక్కగా నడవడం మర్యాద.

చెప్పులు మాత్రం విడవకండి. పాదరక్షలతోనే హుండీ వరకు వెళ్ళడం ఇక్కడి పద్ధతి, లోపలి చాప మీద కూర్చునే ప్రత్యేక పూజకు పిలిస్తే అప్పుడు మాత్రమే గడప దగ్గర విడుస్తారు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేను హుండీలో వేయడానికి చిల్లర తీసేలోగా మెట్ల పక్కన చెప్పులు వదిలేసి, కరిగిన మంచు మీద మేజోళ్ళతో పైకి వెళ్ళిపోయింది. “గుళ్ళోకి చెప్పులతోనా, నీకేమైనా మతి ఉందా?” అని నన్నే కసిరింది. ఎవరూ ఏమీ అనలేదు కానీ, నగానో చేరేదాకా ఆవిడ పాదాలు వేడెక్కలేదు. పెద్దవారిని తీసుకెళ్ళేవారు ఈ మాట ఇంటి దగ్గరే చెప్పి ఒప్పించండి.

5. చేతులు, నోరు కడుక్కోవడం

ఆలయం ముందు కప్పు కింద రాతితొట్టి, దాని మీద పొడవు పిడి ఉన్న గరిటెలు కనిపిస్తాయి. ఒక్క గరిటెడు నీళ్ళతోనే పని అంతా పూర్తి చేయాలి. కుడిచేత్తో గరిటె పట్టి నిండా ముంచుకుని, ముందు ఎడమచేయి కడగండి. గరిటెను ఎడమచేతికి మార్చి కుడిచేయి కడగండి. మళ్ళీ కుడిచేతికి మార్చి, ఎడమ దోసిట కొద్దిగా నీళ్ళు పోసుకుని నోరు తడిపి, తలవంచి నెమ్మదిగా పక్కకు వదలండి. ఆ ఎడమ అరచేతిని మరోసారి కడిగి, చివరగా గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీరు పిడి మీదుగా జారి దానిని కడుగుతుంది. బోర్లించి పెట్టేయండి.

గరిటెను నోటికి తాకించకూడదు, తొట్టిలో చేతులు ముంచకూడదు, వాడిన నీరు తిరిగి తొట్టిలో పడకూడదు. తీర్థంలా మింగే అలవాటు మనవాళ్ళలో బలంగా ఉంది, ఇది తాగడానికి కాదు. కొన్నిచోట్ల ఇప్పుడు గరిటెలు తీసేసి వెదురు గొట్టం నుంచి నీటిధార పెట్టారు, అలాంటి చోట చేతులు కడిగితే చాలు. చలికాలంలో నీరు గడ్డకట్టినా, తొట్టి ఎండిపోయినా తువ్వాలును సీసా నీళ్ళతో తడిపి తుడుచుకుని ముందుకు సాగవచ్చు.

సరిగా చేశారో లేదో తెలుసుకోవడం తేలిక: పని ముగిసేసరికి గరిటె ఖాళీగా ఉండాలి, మీరు రెండోసారి ముంచి ఉండకూడదు. చొక్కా మోచేతుల దాకా తడిస్తే మొదటి చేతికే సగం గరిటె పోశారన్నమాట.

6. అడవి దారి

కిలోమీటరు నడిచాక ఎర్రని స్తంభాలతో, గడ్డి కప్పుతో ఒక ద్వారం వస్తుంది. దానిని జుయిషిన్‌మోన్ అంటారు. ఆ కప్పు మీద నాచు, ఫెర్న్ మొక్కలు మొలిచి ఉంటాయి, కింద నిలబడి పైకి చూస్తే మన పాత పూరిళ్ళ వాసన గుర్తుకొస్తుంది. దానిని దాటిన వెంటనే బాటకు రెండు వైపులా 400 ఏళ్ళకు మించిన సుగి చెట్లు నిలబడి ఉంటాయి. వాటి బెరడు నిలువుగా చీలి ఎర్రగోధుమ రంగు నారలా వేలాడుతుంది, వాన కురిసిన మరునాడు ఆ నార నుంచి నీరు చాలాసేపు చుక్కలుగా రాలుతూనే ఉంటుంది. ఇక్కడ వేగం తగ్గించండి, ఫోటోలకు పదిహేను నిమిషాలు విడిగా లెక్కలో పెట్టుకోండి.

ఫోటో కోసం వేళ్ళ మీద ఎక్కి మానును కౌగిలించుకోవద్దు. అంత పెద్ద చెట్టుకు మనం ఒక లెక్కా అనిపిస్తుంది కానీ, ఏటా వేల పాదాలు తొక్కితే వేళ్ళ చుట్టూ మట్టి గట్టిపడి నీరు ఇంకదు. చుట్టూ వరిగడ్డి మోకు కట్టి, తెల్లని కాగితపు మడతలు వేలాడదీసిన చెట్టు కనిపిస్తే అది పూజలందుకునే చెట్టు, దానిని తాకకండి. బెరడు సందుల్లో నాణేలు గుచ్చడం కూడా తప్పే.

ఎలుగుబంట్లు ఉన్న అడవి ఇది. సంచికి గంట కట్టుకోండి, ఒంటరిగా తెల్లవారుజామున, మునిమాపు వేళ నడవకండి. తినుబండారాల పొట్లాలు బాటలో వదిలితే అవి దానికి ఆహ్వానపత్రికలే. దూరాన కనిపిస్తే పరిగెత్తకుండా, వీపు చూపకుండా వెనక్కి అడుగులు వేస్తూ తొలగండి. ఆ రోజు ఎలుగు కనిపించిందన్న బోర్డు ద్వారం దగ్గర ఉంటే చూషాతో సరిపెట్టుకుని వెనక్కి వెళ్ళడానికి సిగ్గుపడనక్కరలేదు.

ఇంకొక హెచ్చరిక. ఒకుషా పక్క నుంచే తొగకుషి శిఖరానికి బాట మొదలవుతుంది. ‘చీమల బారు’ అనే అర్థం వచ్చే పేరుగల ఒక కత్తి అంచులాంటి గట్టు దాని మీద ఉంది, అక్కడి నుంచి జారి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. కాస్త పైకి వెళ్ళి చూసి వద్దామని ఆ బాట పట్టకండి. అది పర్వతారోహకులకు మాత్రమే.

వేళ సరిచూసుకోవడానికి జుయిషిన్‌మోన్ మంచి గుర్తు. తోరీ నుంచి అక్కడికి ఎంతసేపు పట్టిందో చూడండి. ఇరవై నిమిషాలైతే మామూలు వేగం. ముప్పై దాటితే మిగిలిన ఎక్కుడుకు నలభై అయిదు, తిరుగుకు గంటకు పైగా పెట్టుకుని, ఫోటో తీసిన బస్సు పట్టికతో పోల్చి, ముందుకు వెళ్ళాలో వద్దో అక్కడే నిర్ణయించండి.

7. దర్శనం

మెట్ల పైన రెండు గుళ్ళు పక్కపక్కన ఉంటాయి. ఒకుషా కట్టడం కాంక్రీటుది. పాతది మంచుచరియలకు కొట్టుకుపోవడం వల్ల అలా కట్టారు, చూసి నిరాశపడేవారు ఉన్నారు గనుక ముందే చెబుతున్నాను. దాని వెనుక నిటారుగా లేచిన రాతికొండను చూస్తే ఆ కాంక్రీటు ఎందుకో అర్థమవుతుంది.

వరుస ఉంటే వరుసలో నిలబడండి. మీ వంతు రాగానే తలవంచి, చెక్క హుండీలో నాణేన్ని నెమ్మదిగా జారవిడవండి. గంట ఉంటే తాడు లాగి మోగించండి, లేకపోతే వెతకవద్దు. ఇక అసలు వరుస ఇది: నడుము దాకా లోతుగా రెండు సార్లు వంగి నమస్కారం, ఛాతీ ఎత్తున రెండు చప్పట్లు, కళ్ళు మూసి మౌనంగా ప్రార్థన, మళ్ళీ లోతుగా ఒక నమస్కారం. చప్పట్లకు ముందు రెండు అరచేతులు కలిపి కుడిచేతిని కొద్దిగా, వేలి కణుపంత, కిందికి జరిపితే చప్పుడు శుభ్రంగా వస్తుంది, ఆ తర్వాత వేళ్ళు సమానం చేసి ప్రార్థించాలి. ఇజుమో, ఉసా ఊళ్ళలోని పెద్ద ఆలయాల్లో నాలుగు చప్పట్లు కొడతారు, తొగకుషిలో రెండే.

ఎంత వేయాలి అని అడుగుతారు. 5 యెన్‌ల నాణేనికి జపనీయ ఉచ్చారణ ‘గోఎన్’, అదే మాటకు అనుబంధం అనే అర్థం కూడా ఉంది కాబట్టి దానికి ఇష్టం ఎక్కువ. 100 వేసినా పర్వాలేదు. ఇంట్లో పేరుకున్న 1 యెన్ నాణేలన్నీ గుప్పెట్లో తెచ్చి కుమ్మరించడం మాత్రం ఉపకారం కాదు. 2022 జనవరి నుంచి జపాన్ పోస్ట్ బ్యాంకు పెద్ద మొత్తంలో నాణేల జమకు రుసుము వసూలు చేస్తోంది, చిన్న ఆలయాలకు ఆ చిల్లర ఖర్చుగా మారుతోంది.

మంత్రాలు పైకి చదవవద్దు, కోరికలు గట్టిగా చెప్పవద్దు. మనసులో మీ పేరు, ఊరు చెప్పుకుని, ఇక్కడికి రాగలిగినందుకు కృతజ్ఞత తెలిపి, ఆ తర్వాత కోరుకోండి. తెలుగులో చెప్పుకుంటే సరిపోతుంది. గోవిందనామం పెదవుల దాకా వస్తే పెదవుల మీదే ఉంచండి. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసే దారి లేదు, వెనుకకు వెళ్ళడానికి ప్రయత్నించకండి. విగ్రహం కోసం లోపలికి తొంగిచూడవద్దు, కనిపించే మూర్తి ఉండదు. తలుపుల లోపల ఫోటో తీయకూడదు. బయట తీసుకోవచ్చు, కానీ గుడికి వీపు పెట్టి నవ్వుతూ సెల్ఫీ తీసుకోవడం వెనక నిలబడినవారికి ఇబ్బంది.

దర్శనం అయ్యాక ఒక పక్కకు జరిగి వెనకవారికి చోటివ్వండి. తర్వాత కుజుర్యూషా ముందు ఇదే వరుస మళ్ళీ చేయండి, అది వేరే దైవం కనుక వేరే నాణెం కావాలి.

8. చీటీ, తాయెత్తు, ముద్ర

తొగకుషిలో జోస్యపు చీటీ పెట్టెలోంచి మీరు లాగేది కాదు. మీ వయసు, మీరు స్త్రీయో పురుషుడో చెబితే పూజారి ప్రార్థించి తీసి ఇస్తాడు. వయసు పాత లెక్కలో అడుగుతారు: నడుస్తున్న సంవత్సరం నుంచి పుట్టిన సంవత్సరం తీసేసి ఒకటి కలపండి. 1990లో పుట్టినవారు 2026లో 37 అని చెప్పాలి. జపనీయంలో చెప్పడం రాకపోతే కాగితం మీద అంకె వేసి చూపండి. చీటీ జపనీయంలోనే ఉంటుంది, ఫోన్‌లో అనువాదం చూసుకోవచ్చు. మంచిది రాలేదని చెట్టుకొమ్మకు కట్టకండి, ఇంటికి తెచ్చుకోండి.

చిన్న గుడ్డసంచిలాంటి తాయెత్తును ఒమామొరి అంటారు. దానిని విప్పి చూడకూడదు. ఆలయ ముద్ర, చేతిరాత వేయించుకోవడానికి గోషుయిన్‌చో అనే ప్రత్యేకమైన మడత పుస్తకం కావాలి, మామూలు నోటుబుక్కు ముందుకు తోస్తే మర్యాదగానే నిరాకరిస్తారు. ఇది యాత్ర గుర్తు కోసం వేసే స్టాంపు కాదు, దర్శనం చేసుకున్నాకే అడగాలి. కౌంటరు సాయంత్రం దాకా ఉంటుందన్న ధీమా వద్దు, మధ్యాహ్నమే ఈ పని ముగించండి.

9. భోజనం

తొగకుషి సోబాకు పేరున్న ఊరు. కుట్టు (బక్‌వీట్) గింజల పిండితో చేసిన ఆ సన్నని సేమ్యాలను ఐదారు చిన్న చుట్టలుగా గుండ్రని వెదురు పళ్ళెంలో పేర్చి, పూర్తిగా నీరు ఓడ్చకుండానే తెస్తారు, పళ్ళెం అడుగున చుక్కలు మెరుస్తూ ఉంటాయి. శాకాహారులు గుర్తుంచుకోవలసినది సోబాలో కాదు, పక్కన చిన్న గిన్నెలో ఇచ్చే నల్లని పులుసులో ఉంది. దాదాపు ఎప్పుడూ అది ఎండబెట్టిన బొనిటో అనే చేపతో కాచినదే. “చేప లేదు కదా” అని అడిగితే ముక్కలు లేవన్న అర్థంలో లేదనే చెప్పవచ్చు. పులుసు వదిలి ఉప్పుతోనో, మీ వెంట తెచ్చిన పొడితోనో తినండి. కూరగాయలు కూరి కాల్చిన ఒయాకి ఇంకొక దారి, దాని లోపల ఏముందో కూడా అడిగి తీసుకోండి. కుట్టు పిండి పడనివారికి సోబా ప్రమాదకరం, ఒకే కుండలో ఉడికిన ఇతర పదార్థాలు కూడా వద్దు.

అంగళ్ళలో పిండి అయిపోతే మధ్యాహ్నం రెండు మూడింటికే తలుపులు మూస్తారు. అందుచేత ఉదయమే ఒకుషా చూసి, కిందికి వచ్చి తినడం నయం.

10. తిరుగు ప్రయాణం

తోరీ దాటి బయటకు వచ్చాక వెనక్కి తిరిగి ఒకసారి వంగండి. బస్సుకు పదిహేను నిమిషాల ముందు స్టాపులో ఉండండి. సంచి తెరిచి చూసుకోండి: మీరు తెచ్చిన ప్లాస్టిక్ కవరు, సీసా, తడి తువ్వాలు అన్నీ అందులోనే ఉండాలి, అడవిది ఒక్క ఆకు కూడా ఉండకూడదు. అలా ఉంటే రోజు బాగా గడిచినట్టే.

నగానోలో దిగి జెన్‌కోజికి వెళ్ళేవారు అక్కడ చప్పట్లు కొట్టకండి. బౌద్ధాలయంలో చేతులు జోడించి మౌనంగా నమస్కరిస్తారు. పొద్దుటి నుంచి చప్పట్లు కొట్టిన చేతులు అలవాటుగా లేస్తాయి, నావీ లేచాయి. సందేహం వస్తే ముందు తోరీ ఉందో లేదో చూడండి. ఉంటే చాలావరకు షింటో ఆలయమే.

తొగకుషి దాకా వెళ్ళలేనివారికి

జపాన్‌లో ఏ పల్లె పొలిమేర చూసినా వరిచేల నడుమ ఒక చెట్ల గుబురు, అందులో చిన్న తోరీ కనిపిస్తాయి. మన ఊళ్ళలో వేపచెట్టు కింద ఉండే గ్రామదేవత గుడిని పోలినదే అది, ఆ ఊరి రక్షక దైవానిది. పూజారి ఉండడు, కౌంటరు ఉండదు, నీటితొట్టిలో ఆకులు తేలుతుంటాయి. పై దశల్లో తోరీ దగ్గర వంగడం, హుండీ ముందు నమస్కారాల వరుస చేస్తే చాలు. హుండీ లేకపోతే నాణెం ఎక్కడా దాచిపెట్టి రావద్దు. చేలగట్ల మీద అడ్డంగా నడవకుండా బాట మీదనే వెళ్ళండి, ఎవరైనా రైతు కనబడితే ముందుగా మీరే “కొన్నిచివా” అని పలకరించండి. అలా పలకరించిన ఒక పెద్దాయన నాతో వెంట వచ్చి, తాళం వేసిన తలుపు తీయకపోయినా, తొట్టిలోని ఆకులన్నీ చేత్తో తీసి పక్కన పోసి, ఇక కడుక్కోమని సైగ చేశాడు.